ఒక్క తప్పు ఉండనీ బిడ్డా

మొన్నామధ్య ఒక పొద్దున షాపు షట్టరు సగం లేపానో లేదో, చర్చి వాళ్ళు ఇద్దరు వచ్చి నిలబడ్డారు. ఒకరు పాస్టరుగారు, రెండో ఆయన టీచరమ్మ చెల్లెలి కొడుకు. ముందు రోజే టీచరమ్మను సమాధి చేశారు. నేనూ వెళ్ళి మట్టి వేసి వచ్చాను. ఆదివారం జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారట, దానికి ఫ్లెక్సీ కావాలి.

పాస్టరుగారు తన ఫోనులోంచి ఆమె ఫోటో నాకు పంపించి, "పైన పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. కింద 'ఫరెవర్ ఇన్ అవర్ హార్ట్స్' అని పెట్టు బ్రదర్. అందరికీ పెట్టేదే గదా," అన్నారు.

అందరికీ పెట్టేదే. నేను కంప్యూటరు ముందు కూర్చుని ఆ మాట కొట్టబోతూ, అలవాటు కొద్దీ తలుపు వైపు చూశాను. ఇన్నేళ్ళూ ఈ మాట కొట్టిన ప్రతిసారీ నాకు వెన్నులో చిన్న భయం ఉండేది. ఆ భయం ఇక పెట్టుకోనక్కర్లేదని అప్పుడు తట్టింది, చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది.

నాది చంపాపేట్ మెయిన్ రోడ్డు మీద ఫ్లెక్సీల షాపు. మా వాళ్ళది తెనాలి వైపు. నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగి ఊరందరి పిల్లలకీ లెక్కలు చెప్పాడు. ఆయన కొడుకు ఆ లెక్కల్లోనే తప్పి ఇందులో పడ్డాడు. పుట్టినరోజైనా, పెళ్ళైనా, చావైనా, నాయకుడి ఊరేగింపైనా ఈ చుట్టుపక్కల మా మిషను మీద నుంచి పోవాల్సిందే. ప్రతిదానికీ ఒక డిజైను ముందే తయారుగా ఉంటుంది. పెళ్ళికి కింద 'టుగెదర్ ఫరెవర్', చావుకి 'ఎటర్నల్ రెస్ట్', పుట్టినరోజుకి ఇంకేదో. ఫోటోలు మారతాయి, పేర్లు మారతాయి, కింద మాట మారదు. నాకొచ్చిన ఇంగ్లీషు కూడా అంతే.

టీచరమ్మ నా షాపుకి మొదటిసారి వచ్చింది చర్చిలో ఎవరో పెద్దాయన జ్ఞాపకార్థ ఫ్లెక్సీ కోసం. అల్మాస్‌గూడలో ఉండేది. దేవరకొండ వైపు పల్లెటూరి నుంచి వచ్చి, సర్కారు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైంది. సన్నగా, పొడుగ్గా, భుజానికి నల్ల హ్యాండ్‌బ్యాగు. ఆ బ్యాగులో ఎర్ర పెన్ను ఉంటుందని ఆ రోజు నాకు తెలియదు. ప్రూఫ్ కాగితం చేతికిచ్చాను. పైనుంచి కిందికి చదివి, చివరి మాట దగ్గర ఆగింది.

"గిదేంది బిడ్డా? 'ఎటర్నల్' అని పెట్టినవ్?"

"చావులకి అదే పెడతామండీ."

"పైన పుట్టిన తారీఖు ఎవరు వేసిన్రు?"

"నేనే."

"పుట్టిన తారీఖు ఉన్నోడు ఎటర్నల్ ఎట్ల అయితడు? ఎటర్నల్ అంటే మొదలూ ఉండది, చివరా ఉండది. గది దేవునికొక్కనికే. గీ తాతకు మొదలున్నది, నువ్వే రాసినవ్."

పక్కన బర్త్‌డే ఫ్లెక్సీ కోసం వచ్చినతను నవ్వాపుకోలేక బయటికి పోయాడు. ఆమె బ్యాగు తెరిచి ఎర్ర పెన్ను తీసి, ఆ మాట కొట్టేసి, పక్కన 'ఎవర్‌లాస్టింగ్' అని రాసింది. మొదలుంటుంది గానీ చివర ఉండదట, మనిషికి దేవుడు ఇస్తానన్నది అదేనట. నేను బుద్ధిమంతుడిలా తలూపాను. మిషను మీదికి పంపేటప్పుడు స్పెల్లింగ్ మళ్ళీ తప్పు కొట్టాను, అది వేరే సంగతి.

అప్పటి నుంచి చర్చి ఫ్లెక్సీలన్నీ ఆమె కళ్ళ ముందు నుంచే పోయేవి. పోతే పోయాయి, మిగిలిన వాళ్ళవి కూడా వదిలేది కాదు. కౌంటరు మీద ఎవరి ప్రూఫ్ కనిపించినా చెయ్యి ఆగదు. ఒకసారి ఒక చిన్న నాయకుడి మనుషులు 'ప్రజల పర్మనెంట్ సేవకుడు' అని రాయించుకోడానికి వచ్చారు. ఆమె కళ్ళజోడు పైకి తోసి, "పర్మనెంటు అంటే ఏందో ఎరుకేనా నాయినా? ఎవరన్న వచ్చి తీసేదాంక ఉండేది. నన్ను గూడ పర్మనెంటు అనే అన్నరు బడిల. యాభై ఎనిమిది నిండంగనే దండేసి ఇంటికి పంపిన్రు," అంది. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఆ మాట తీయించేశారు. నాకు అక్షరాలు తగ్గాయి, గిరాకీ మాత్రం పోలేదు. కొన్నిసార్లు పోయేది కూడా. ఆమె స్కూటరు చప్పుడు వినబడితే చాలు, నేను కౌంటరు మీది కాగితాలన్నీ సొరుగులోకి నెట్టేవాణ్ణి.

ఆ అంతులేని కాలానికి ఇంగ్లీషు వాళ్ళ దగ్గర ఎన్ని మాటలున్నాయో, అన్నింటికీ ఆమె దగ్గర మన పేటలోనే ఒక ఉదాహరణ ఉండేది. పర్పెచువల్ అంటే ఆగకుండా నడిచేది, అల్మాస్‌గూడలో వాళ్ళ గల్లీ తవ్వకం లాంటిది. పెరెన్నియల్ అంటే ఏడాదికేడాది తప్పకుండా తిరిగొచ్చేది, వాన పడితే కాలనీలో నిలిచే నీళ్ళు. ఇంటర్మినబుల్ అంటే ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఆమె బస్సు కోసం నిలబడిన ఒక మధ్యాహ్నం. ఫరెవర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం పెదవి విరిచేది.

"గది మాట గాదు బిడ్డా, మురిపెం. జోరు మీద ఉన్నప్పుడు మనిషి అనేది. ఎవ్వడూ లెక్క చూడడు."

పెళ్ళిళ్ళ సీజనులో ఆమెతో పెద్ద చిక్కు వచ్చేది. చర్చి పెళ్ళంటే స్టేజి వెనక పెళ్ళికొడుకు, పెళ్ళికూతురి ఫోటోలు, కింద గులాబీ రంగులో టుగెదర్ ఫరెవర్. పిల్లలకి అది లేకపోతే పెళ్ళి జరిగినట్టే ఉండదు. ఈమెకి అది ఉంటే ప్రమాణం చెడినట్టు. "లోపల అయ్యగారి ముంగట చావొచ్చి ఇడదీసేదాంక అని మాటిస్తరు. బయట గోడ మీద ఎప్పటికీ అని రాస్తరు. రెండిట్ల ఏది నిజం?" అని నన్ను నిలదీసేది. ఏదో నేనే వాళ్ళకి పెళ్ళి చేసినట్టు. చివరికి పెళ్ళివాళ్ళు ఆమెకి తెలియకుండా సాయంత్రం వచ్చి మళ్ళీ ఫరెవర్ పెట్టించుకుని పోయేవాళ్ళు. నేను అటూ ఇటూ రెండు ప్రూఫులు తీసి బతికాను.

ఆమెతో ఎప్పుడూ ఆమె భర్త వచ్చేవాడు. వచ్చేవాడంటే, స్కూటరు నడిపేది ఆయన, లోపలికి వచ్చేది ఈమె. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. బయట స్కూటరు మీదే, హ్యాండిలు మీద చేతులు పెట్టుకుని, సిగ్నలు పడుతుందన్నట్టు కూర్చునేవాడు. లోపలికి రమ్మంటే, "ఆమె ఉన్నది గదా తమ్మీ," అని నవ్వేవాడు. ఇద్దరిలో ఒకరు మాట్లాడితే చాలని ఆయన ఎప్పుడో ఒప్పందానికి వచ్చేసినట్టున్నాడు.

పక్క హోటలు నుంచి టీ వస్తే ఆమె సరిగ్గా సగం తాగేది. మిగతా సగం గ్లాసు పట్టుకుని బయటికి పోయి ఆయన చేతిలో పెట్టేది. "చల్లారింది, తాగు," అనేది. ఆయనకి వేరే టీ చెప్తానంటే ఒప్పుకునేది కాదు. "షుగరు ఉన్నది ఆయనకు. సగమే తాగాలె." ఆయన ఆ చల్లారిన సగం టీని, పాయసమేదో పోసినట్టు, ఆఖరి చుక్క దాకా తాగేవాడు.

ఒక రోజు ఆయన ఒక్కడే వచ్చాడు. మొట్టమొదటిసారి లోపలికి వచ్చి, కుర్చీ చివర కూర్చుని, రోడ్డు వైపు ఒకసారి చూసుకున్నాడు.

"తమ్మీ, మా పెండ్లయి నలభై ఏండ్లు అయితున్నయ్. చర్చి హాలుల చిన్న ప్రార్థన పెడుతున్నరు. ఫ్లెక్సీ కావాలె."

"అలాగే అంకుల్. మేడమ్‌ని తీసుకొస్తే ప్రూఫ్ చూస్తారు కదా."

"ఆమెకు ఎరుక లేదు." మళ్ళీ రోడ్డు వైపు చూశాడు. "కింద గా ఇంగ్లీషు మాట రాస్తరు గదా. అందరి పెండ్లిళ్ళకు రాస్తరు."

"టుగెదర్ ఫరెవరా అంకుల్? మేడమ్ చూస్తే నన్ను బతకనివ్వరండీ!"

"నేను జూస్కుంట."

ఆయన ఆ ఇంట్లో ఎప్పుడేం చూసుకున్నాడో నాకు తెలియంది కాదు. నా మొహం చూసి ఆయనే మెల్లిగా అన్నాడు. "మా పెండ్లికి ఫ్లెక్సీలే లేకుండె తమ్మీ. పందిరికి రంగు కాయితాలు కట్టినం, వాన పడ్డది, గా రంగంతా ఆమె తెల్లచీరకు అంటింది. నలభై ఏండ్ల సంది అంటనే ఉన్నది ఆ ముచ్చట. గీసారి మంచిగ కడదామని."

కంప్యూటరు ముందుకి జరిగాను. ఎడమ వైపు ఆమె ఫోటో, కుడి వైపు ఆయనది. ఆమె కింద టుగెదర్, ఆయన కింద ఫరెవర్. మంచి బంగారు రంగు వేశాను.

ఆ సాయంత్రం నన్నూ పిలిచారు. నేను కాస్త ముందే వెళ్ళేసరికి ఆయన బల్ల ఎక్కి ఫ్లెక్సీ తానే కడుతున్నాడు. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఫ్లెక్సీ అంచున ఉండే రింగుల్లోంచి సుతిలి తాడు దూర్చి, పూర్వం బస్సు టాపు మీద సామాన్లు కట్టే ముడి ఉంటుందే, అది వేసి గట్టిగా గుంజాడు. "గాలికి ఊడదు," అన్నాడు. హాలులో గాలి ఎక్కణ్ణుంచి వస్తుందని నేను అడగలేదు.

ఆమె వచ్చింది. చూసింది. నేను స్తంభం వెనక్కి తప్పుకున్నాను. ప్రార్థన అయ్యాక మైకు అందుకుంది.

"గీ కింద మాట ఒకటి తప్పు పడ్డది. నలభై ఏండ్ల కింద నేను ఈయనకు ఏమని మాటిచ్చిన? చావు ఇడదీసేదాంక అని. గంతవరకు నేను మాట తప్పను. దానికి మించి ఒక్క దినం గూడ నేను పూచీ గాను."

హాలు విరగబడి నవ్వింది. ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు. "సరే టీచరమ్మా, గంతవరకే," అన్నాడు. ఆయన కూడా ఆమెను టీచరమ్మ అనే పిలిచేవాడు. నేను కూడా నవ్వాను. అంతా అయ్యాక ఫ్లెక్సీ దింపబోతే ముళ్ళు ఊడి రాలేదు, తాళ్ళు కత్తితో కొయ్యాల్సి వచ్చింది.

మర్నాడే ఆమె ఆ ఫ్లెక్సీ తీసుకుపోయి గడ్డిఅన్నారం మలుపులో బత్తాయిల బండి పెట్టుకునే యాదగిరికి ఇచ్చేసింది. ఇందులో వింతేమీ లేదు. ఫంక్షను అయిపోయిన ఫ్లెక్సీకి మా దగ్గర రెండో బతుకు ఉంటుంది. బండికి కప్పుగానో, నీళ్ళ ట్యాంకు మీద మూతగానో, రేకుల ఇంటి మీద చిల్లులకు అడ్డంగానో ఎవరో ఒకరు పట్టుకుపోతారు. ఎల్‌బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నా పెళ్ళికూతుళ్ళు ఎంతమంది అరటిపళ్ళ మీద వాన కాచుకుంటున్నారో! బండికి కప్పు కావాలని యాదగిరే ఆమెను అడిగాడు, పెద్ద కోరికేమీ కాదు. పళ్ళ మార్కెట్టంతా అక్కణ్ణుంచి ఎత్తేసి దూరం పోయినా, తను మాత్రం "మార్కెట్టు పోయింది గాని నేను పోలే" అని ఆ మలుపులోనే ఉండిపోయిన మనిషి. టీచరమ్మ తన ఊరి వైపు బత్తాయిలని అతని దగ్గరే కొనేది.

తర్వాతి వానాకాలంలో టీచరమ్మ భర్త పోయాడు. రాత్రి అన్నం తిని పడుకున్న మనిషి పొద్దున లేవలేదు.

జ్ఞాపకార్థ ఫ్లెక్సీకి ఆమే వచ్చింది. నేను కింద మాట కోసం వేలు కీబోర్డు మీద పెట్టి ఆగాను. ఎవర్‌లాస్టింగ్ అంటుందనుకున్నాను. ఆమె ప్రూఫు చూసి, కింద లైను మొత్తం ఎర్ర పెన్నుతో కొట్టేసింది. "ఏమొద్దు. పేరు చాలు." టీ వచ్చింది. సగం తాగింది. మిగతా సగం గ్లాసు చేతిలో పట్టుకుని లేచి, గుమ్మం దాకా పోయి, అక్కడ నిలబడింది. బయట ఆటో ఉంది, ఆమె వచ్చిన ఆటో. కాసేపటికి వెనక్కి వచ్చి గ్లాసు నా బల్ల మీద పెట్టేసింది. నేను కంప్యూటరులో మొహం పెట్టేసుకున్నాను.

తర్వాతి ఎండాకాలం ఒక రోజు మళ్ళీ వచ్చింది. చేతిలో ప్రూఫు లేదు, ఫోటో లేదు.

"బిడ్డా, నీ దగ్గర ఖరాబైన ఫ్లెక్సీ ఏమన్న ఉన్నదా? యాదగిరి బండి కప్పు చినిగిపోయిందట పాపం. వానలొస్తే పరేషాన్ అయితడు."

మిషను దగ్గర రంగు తేడా వచ్చిన గుడ్డ ఒకటుంటే చుట్టి ఇచ్చాను. తీసుకుని కూడా కదల్లేదు. "నువ్వు జర నాతోని వస్తవా?" అంది. నా బైకు వెనక ఎక్కించుకుని తీసుకెళ్ళాను. దారి పొడుగునా, "ఎడమ పక్క లైటు వెయ్యి", "హారను కొట్టకు", "గా బస్సు ఎనకనుంచి పో", ఇవే. డిపో మెకానిక్ గారు నలభై ఏళ్ళు ఏం భరించాడో ఆ రోజు నాకు పూర్తిగా బోధపడింది.

యాదగిరి మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. "వందనాలు టీచరమ్మా!"

"నీ కప్పు చినిగిందంటివి గదా. కొత్త గుడ్డ తెచ్చిన."

"చినగలే టీచరమ్మా. మంచిగనే ఉన్నది." పైకి చూపించాడు. నిజంగానే రాయిలా ఉంది.

"పాతదైంది గదా."

"పాతదైతే ఏమాయె, వాన ఆగుతున్నది."

"కొత్తదిస్తుంటె ఒద్దంటవేంది? నేను జెప్తున్న గదా, తీసి గిది కట్టు!"

యాదగిరి నావైపు చూశాడు, ఈమెకేమైందన్నట్టు. ఆమె బత్తాయిల వైపు తిరిగి ఒక్కొక్కటీ నొక్కి చూస్తోంది. ఇచ్చిన వస్తువు తిరిగి అడగడం ఆమెకి చేతకాదు, అడక్కుండా పోవడమూ చేతకావడం లేదు. ఇంక నేనే కలగజేసుకున్నాను. "అన్నా, ఆ ఫ్లెక్సీ అంకుల్ కట్టింది. ఆమెకి అది కావాలి," అన్నాను.

ఆమె నన్ను ఉరిమి చూసింది. కానీ కాదనలేదు. నాకొక ఆలోచన వచ్చి మెల్లిగా అన్నాను. "మేడమ్, ఫైలు నా దగ్గర ఉంది కదా. అచ్చం అలాంటిదే కొత్తది కొట్టిస్తాను."

"గది నువ్వు కొట్టింది అయితది," అంది. "గిది ఆయన కట్టింది."

యాదగిరి బండెక్కి కప్పు విప్పాడు. అప్పుడు తెలిసింది, గుడ్డ సగమే ఉంది. బండికి పెద్దదైందని రెండు ముక్కలు కోశాడట. రెండో సగం అతని బావమరిది బండికి కట్టుకుని కొత్త మార్కెట్టు వైపు పోయాడట. ఉన్న సగం తిప్పి చూస్తే పెద్దాయన ఫోటో, కింద బంగారు రంగులో ఫరెవర్. రంగు ఏమాత్రం వెలిసిపోలేదు. నేను ఆశ్చర్యపోయాను. మా ఇంకు అంత గొప్పదేమీ కాదు.

"బొమ్మ లోపలికి పెట్టి కట్టిన అన్నా," అన్నాడు యాదగిరి. "పెద్దమనిషి మొకం ఎండకు పెట్టుడు మంచిగ అనిపియ్యలే. బోణీకి ముందుగాల మీదికి చూసి నమస్తే పెడ్త. మంచిగనే నడుస్తున్నది బేరం."

ఆమె ఆ సగం గుడ్డని చేతుల్లోకి తీసుకుంది. ఫోటో చూడలేదు. అంచు వెంట వేళ్ళు పోనిచ్చి రింగు దగ్గర ఆగింది. కోసిన తాడు తునక ఇంకా అందులోనే ఉంది, ముడి ముడిలాగే ఉంది. దాన్ని రెండు వేళ్ళతో లాగి చూసింది. రాలేదు.

"గిది ఆయనది," అంది.

ఆమె ఏడుస్తుందేమోనని నాకు భయం వేసి, పిచ్చి వేళాకోళానికి దిగాను. "మేడమ్, మీ సగం పోయింది మరి!"

"పోతే పోనీ. ఎక్కడనో బత్తాయిల మీద ఉన్న గదా."

"కింద మాట తప్పు పడిందండీ. ఎర్ర పెన్ను తీస్తారా?"

ఆమె ఆ మాట వైపు చాలాసేపు చూసింది. "ఒక్క తప్పు ఉండనీ బిడ్డా," అంది. "అన్ని ఒప్పులే ఉన్న పేపరు నా సర్వీసుల నేను ఎన్నడూ దిద్దలే." తర్వాత, నాతో కాదు, ఆ గుడ్డతో అన్నట్టుగా, "నలుగుర్ల గట్ల అనకుండ ఉండాల్సింది," అంది.

అంతే. మళ్ళీ వెంటనే టీచరమ్మ అయిపోయి యాదగిరి వైపు తిరిగింది. "ఒరేయ్, అందాక గీ రంగు తప్పిన గుడ్డ కట్టుకో. నేను పోయినంక గీ పిలగాడు నాకు పెద్ద ఫ్లెక్సీ కొడతడు. గది నీకే."

"అవేం మాటలండీ!" అన్నాను.

"ఎందుకు? నేనేమన్న పర్మనెంటా?"

తిరిగి వచ్చేటప్పుడు ఎడమ లైటు గురించి ఏమీ అనలేదు. సాగర్ రింగ్ రోడ్డు దగ్గర బండి ఆగితే వెనకనుంచి అడిగింది. "బిడ్డా, నీ గుడ్డ మట్టిల ఎన్నేండ్లు ఉంటది?" ప్లాస్టిక్కు గురించి క్లాసు మొదలవుతోందనుకుని నేను ముందే లొంగిపోయాను. "మా మీద అందరి ఫిర్యాదూ అదేనండీ. రంగు పోతుంది గానీ గుడ్డ మట్టిలో కుళ్ళదు. మన మనవళ్ళు తవ్వినా అలాగే ఉంటుందట." ఊ అంది. నా సరుకు గురించి ఆమె తప్పు పట్టనిది అదొక్కసారే.

ఆ పొద్దున, కీబోర్డు మీద చెయ్యి పెట్టి నేను అలా ఆగిపోయినప్పుడు, చెల్లెలి కొడుకు కుర్చీలో ముందుకు జరిగి అన్నాడు. "అన్నా, నిన్న నువ్వు చూసినవో లేదో. పెద్దమ్మ బ్యాగుల ఒక ఫ్లెక్సీ ముక్క మడిచి ఉండె, పెదనాన్న ఫోటోది. పెట్టెల తన చెయ్యి కింద పెట్టమని ముందుగాలనే చెప్పింది. పెట్టినం. గదేందో మాకు సమజ్ కాలే."

నాకు అయింది. చావు విడదీసేదాకానే అని మైకులో చెప్పిన మనిషి, దానికి మించి ఒక్క రోజు కూడా పూచీ కానన్న మనిషి, మట్టిలో ఏది కుళ్ళదో నన్నడిగి కనుక్కుని మరీ వెంట తీసుకుపోయింది. నేను లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను.

పాత ఫైలు వెతికి తీశాను. ఎడమ వైపు ఆమె, కుడి వైపు ఆయన. పైన తారీఖులు మాత్రం చేర్చాను. కింద టుగెదర్ ఫరెవర్, అదే బంగారు రంగు.

పాస్టరుగారు స్క్రీను మీదికి వంగి, "పెండ్లి ఫ్లెక్సీ లెక్క ఉన్నది బ్రదర్," అన్నారు.

"ఉండనీ అయ్యగారూ," అన్నాడు చెల్లెలి కొడుకు.

ప్రూఫు తీసి కౌంటరు మీద పెట్టాను. ఊరికే, అలవాటు. సాయంత్రం దాకా అది అక్కడే ఉంది. ఎవరూ దిద్దలేదు. చీకటి పడే ముందు మిషను మీదికి పంపాను.

కూడిక అయిన మర్నాడు యాదగిరి నా షాపు ముందు తచ్చాడుతూ కనిపించాడు. లోపలికి రాడు, పోడు. నేనే పిలిచి, కూడిక నుంచి తెచ్చిపెట్టిన ఫ్లెక్సీ చుట్ట చేతికిచ్చాను. అతను అక్కడే విప్పి చూసి, తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"మునుపు పెద్దమనిషి ఒక్కడే ఉండె. ఇప్పుడు ఇద్దరొచ్చిన్రు," అన్నాడు. "గీసారి రెండు ముక్కలు కొయ్య అన్నా. బండే పెద్దది చేస్త."

"బొమ్మ లోపలికే కడతావా?"

"మరి!"

చుట్టి చంకన పెట్టుకుని గుమ్మం దాకా పోయి ఆగాడు. "ఎన్ని దినాలు ఆగుతదన్నా గిది?"

ఆమె నేర్పిన ఇంగ్లీషు మాటలన్నీ వరసగా నోటి దాకా వచ్చాయి. ఏది చెప్పినా ఎర్ర పెన్ను పడుతుందనిపించింది.

"చినిగితే రా," అన్నాను. "ఫైలు నా దగ్గరే ఉంటుంది."